47 మి.మీ. బెజ్జం: సైజు మార్చే బిట్టా, హోల్‌సానా?

టేకుపొట్టు:
సికింద్రాబాద్‌లో ఒక పాత ఇంటి టేకు తలుపు బాగుచేస్తున్నాను. మందం 42 మి.మీ. వెనక గది తలుపుకున్న పాత ఇత్తడి గడియను దీనికి బిగించాలని ఇంటివాళ్ల కోరిక. దాని గొట్టానికి సరిగ్గా 47 మి.మీ. బెజ్జం కావాలి. రాణిగంజ్‌లో అడిగితే హోల్‌సా (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) 46 చూపించారు, 48 చూపించారు, 47 లేదన్నారు. జుమ్మెరాత్ బజార్‌లో మాత్రం ఒక చేతి బ్రేస్ (చేత్తో తిప్పే వంకీ డ్రిల్లు), దానితో పాటే ఎక్స్‌పాన్సివ్ బిట్టు దొరికాయి. కొనకి మర, పక్కకి జారే కత్తి, దాన్ని బిగించే చిన్న స్క్రూ. కత్తిని ఎంత బయటికి లాగితే బెజ్జం అంత పెద్దది.

మా ఉస్తాద్ చూసి, అన్ని సైజులూ వేస్తానన్నది ఏ సైజూ సరిగ్గా వెయ్యదు, పక్కన పడెయ్ అన్నారు. ఆయన చేతిపని మీద నాకు చాలా గౌరవం. ఈ మాట మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ఇలాంటి బెజ్జాల కోసమే ఆ బిట్టు పుట్టిందని నా వాదన. మీరేమంటారు?

తలుపులపని:
ఉస్తాద్ చెప్పిందే నిజం తమ్మీ. ఇరవై ఏండ్లసంది తలుపులే చేస్తున్న. ఆ బిట్టుకి కోసే అంచు ఒక్కటే, అదీ ఒకపక్కనే. మామూలు ఆగర్ బిట్టుకి, అదే మెలికల బిట్టుకి, రెండుపక్కలా అంచులుంటయి, బరువు సమంగా పడతది. దీనికి ఆ ఒంటిపక్క బరువంతా నడిమిట్ల మర మీదనే. మర కొంచెం వదులైతే బిట్టు ఊగుతది, బెజ్జం కోడిగుడ్డు లెక్క వస్తది. పని నడుమ ఆ చిన్న స్క్రూ జారిందనుకో, పైన 47, లోపల 45. నువ్వు 48 హోల్‌సా వెయ్యి. గొట్టం చుట్టూ అరమిల్లీ సందుంటది, పైన ఇత్తడి బిళ్ల కప్పేస్తది.

టేకుపొట్టు:
బిళ్ల కప్పుతుంది అన్నా. కానీ దాన్ని పట్టేవి నాలుగు చిన్న మేకులు. రోజూ తిప్పే బరువంతా గొట్టం మీదే పడుతుంది. సందుంటే కొన్నాళ్లకే గడియ లొడలొడమంటుంది.

పాతపనిముట్లు:
ఒంటి అంచు గురించి తలుపులపని గారు చెప్పింది అక్షరాలా నిజం. అయితే బ్రేస్‌కి వాడే ఆగర్ బిట్ల పాత సెట్టు చూడండి. అందులో 13 ఉంటాయి. పావు అంగుళంతో మొదలై, పదహారో వంతు చొప్పున పెరుగుతూ అంగుళం దగ్గర ఆగిపోతాయి. ఆపైన ప్రతి సైజుకీ ఒక బిట్టు కొని సంచిలో మోయడం వడ్రంగి వల్ల అయ్యే పని కాదు. రస్సెల్ జెన్నింగ్స్ ఆగర్ బిట్టుకి అమెరికాలో 1855లో పేటెంట్ వస్తే, విలియం క్లార్క్ ఎక్స్‌పాన్సివ్ బిట్టుకి 1858లో వచ్చింది. దాని పెద్ద రకం 22 మి.మీ. నుంచి 76 దాకా వేస్తుంది. చిన్న బిట్లు ఆగిపోయిన చోట అందుకోవడమే దాని పని.

ఇక ఊగడం. చాలాసార్లు తప్పు మొద్దుబారిన అంచుది. టేకులో సిలికా ఉంటుంది, పదునును తినేస్తుంది. సన్నని ఆకురాయితో కోసే అంచుకి పైవైపు, కత్తి చివర బెజ్జం చుట్టూ గీటు గీసే పంటికి లోపలివైపు మాత్రమే రాయండి. పంటికి బయటివైపు రాశారా, గీటు చిన్నదైపోయి కత్తి బెజ్జంలో బిగుసుకుంటుంది. కత్తి మీది గీతలను నమ్మకండి. మర మొన నుంచి పంటి బయటి అంచుకి 23.5 రావాలి. ఆపైన తుక్కు చెక్కలో కాస్త లోతు దించి కాలిపర్‌తో చూడండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బెజ్జం వెడల్పు రెట్టింపైతే తిప్పడానికి దాదాపు నాలుగు రెట్ల బలం కావాలి. 76 వేస్తే భుజాలు పడిపోతాయి. 47 చేతికి అందేదే.

చిత్రిక:
దాన్ని కరెంటు డ్రిల్లుకి మాత్రం పెట్టకండి. మర తనే బిట్టును లోపలికి లాక్కుంటుంది. కత్తి పట్టేస్తే మణికట్టు మెలి తిరుగుతుంది. మా షాపులో ఒక కుర్రాడు అలాగే మూడు వారాలు కట్టుతో ఉన్నాడు.

తలుపులపని:
అసలు సంగతి అడగలే. ఆ తలుపుకి ఇదివరకే బెజ్జం ఉన్నదా? ఉంటే మర దేన్ని పట్టుకుంటది?

టేకుపొట్టు:
ఉంది అన్నా, 38ది. దాన్నే పెద్దది చెయ్యాలి. మర సంగతి నాకు తట్టలేదు.

పాతపనిముట్లు:
అయితే ముందు పూడ్చాలి. గుండ్రటి కర్రముక్క కొట్టకండి, దాని నార కొనలు మరకి ఎదురుగా ఉంటాయి, మరకి పట్టివ్వవు, పొడిపొడిగా రాలతాయి. టేకు పలక నుంచి బిళ్ల కోసి, నార తలుపు నారతో కలిసేలా జిగురుతో దిగ్గొట్టండి. 47 వేశాక ఆ బిళ్లంతా పొట్టయిపోతుంది గనక అందం చూడక్కర్లేదు.

టేకుపొట్టు:
రాత్రి అంచు పదునుపెట్టి తుక్కు టేకులో వేశాను. మొదట 47.6 వచ్చింది. కత్తిని కాస్త లోపలికి నెట్టి మళ్లీ వేస్తే 47.1. అడ్డంగా, నిలువుగా కొలిచినా అదే. మర మొన అవతల కనబడగానే ఆపి, చెక్క తిప్పి అటునుంచి వేశాను. అంచు చిట్లలేదు. బిళ్ల జిగురు ఆరాక తలుపు మీద వేస్తాను.

తలుపులపని:
47.1 అంటే మంచిగనే ఉన్నది. ఒక్క తలుపుకైతే ఒప్పుకుంటున్న. పది తలుపుల పనొస్తే మాత్రం నేను హోల్‌సానే పడతా, ప్రతిసారి ఆ స్క్రూ జారిందా లేదా అని చూసుకునే ఓపిక నాకు లేదు. గడియ బిగించినంక ఫోటో పెట్టు, బెజ్జం లోపలి గోడ కనబడేటట్టు.