సమస్యాపూరణం: ఎండినట్టి యేట నీద వచ్చు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఇది:

*ఎండినట్టి యేట నీద వచ్చు*

ఆటవెలదిలో నాలుగో పాదం. ఎండిన ఏటిలో ఈదొచ్చట! పొసగని ఈ మాట పొసిగేట్టు పై మూడు పాదాలు మీవి. పాదం చివర సంధి పట్టింపు లేదు, యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల ముక్క) మొదటి అక్షరానికీ పొత్తు, మాత్రం తప్పొద్దు. కృష్ణలో కలిసే డిండి వాగును చూడడానికి వెళ్లినప్పుడు తట్టింది. పైన పాలమూరు దిక్కు దీన్నే దుందుభి అంటారు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద పోయేవాళ్లు రిజర్వాయర్ దగ్గర ఆగి ఫొటో దిగి పోతారు. కాస్త పక్కకు, గుండ్లలోకి (పెద్ద బండరాళ్లలోకి) దిగినవాళ్లు తక్కువ. ఎండాకాలం అక్కడ చప్పుడే ఉండదు. ఒక గుండుకు నా ఛాతీ ఎత్తున, పోయిన వరదకు కొట్టుకొచ్చిన గడ్డి చిక్కుకొని ఎండిపోయి ఉంది. అంటే నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. నా కాళ్ల కింద మాత్రం ఇసుక.

కర్ణాటక నుంచి కృష్ణ, తుంగభద్ర రెండూ వచ్చి కలిసే జిల్లాల్లో ఈ సమస్య ఇవ్వడం వెటకారం అనుకుంటే అనుకోండి.

కొత్త సభ్యుడు: నాలుగో గణం 'నీద' కదా సార్. 'ఎ'కూ 'నీ'కీ యతి ఎట్లా కుదిరింది?

గద్వాల సార్: విడదీసి చూడు తమ్మీ. ఏటన్ + ఈద. ద్రుతం (మాట చివరి నకారం) అచ్చుతో కలిసినచోట యతి అచ్చుకే చూస్తాం. ఎ, ఈ రెండూ ఒకే స్వరవర్గం, మైత్రి ఉంది. అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే, 'నీరు లేని యేట నీద వచ్చు' అని రాసి నీ–నీ సరిపోయిందని మురిసిపోతారు. అది కుదరదు.

దేవరకొండ అన్న: నా పూరణ:

*గుండ్ల నడుమ నున్న గుండంబు లోతెంతొ*
*ఈత వచ్చు వాడె యెఱుగఁ గలడు*
*పైన నిసుక కాలి బండలు మండినా*
*ఎండినట్టి యేట నీద వచ్చు*

గద్వాల సార్: గణాలు, యతులు చక్కగా ఉన్నాయి. మూడో పాదంలో పై–బం వర్గయతి (ప, బ ఒకే వర్గం), మంచి వాడకం. పూరణ న్యాయంగానే ఉంది: ఏరు ఎండింది, గుండం ఎండలేదు. అయితే 'గుండంబు' అక్కడ ఎందుకుందో పద్యం చెప్పదు. వరదకు రాయి గుంతలో గులకరాళ్లు పడి గిరగిరా తిరిగి బండను తొలుస్తాయి. ఏళ్ల తరబడి అట్లా అరిగి గుండాలవుతాయి. అడుగున చెయ్యి పెడితే నున్నటి గులకరాళ్లు దొరుకుతాయి. ఆ తిరగడం ఒక్క మాటలో వచ్చుంటే పద్యం ఇంకో మెట్టు ఎక్కేది.

దేవరకొండ అన్న: సార్, ఆటవెలదిలో అంత జాగా ఏది? సీసంలాంటి పెద్ద పద్యం ఇస్తే తిప్పి చూపిస్తా.

వనపర్తి తమ్ముడు: నాది కొంచెం మోటు. పెద్దలు తిట్టొద్దు.

*లారి లారి యిసుక లాగేసి పోయిరి*
*దుమ్ము పొంగి పొరలె దొంతరలుగ*
*బట్ట లిప్పఁ బోకు బావమర్ది యిచట*
*ఎండినట్టి యేట నీద వచ్చు*

నిర్వాహకుడు: ఫోన్ చూస్తూ గట్టిగా నవ్వితే ఇంట్లో ఏమైందని అడిగారు.

గద్వాల సార్: మోటు కాదు, ఇదే చాటువు లక్షణం. మూడో పాదం కడపటి గణం చూడండి, 'ర్ది యిచట' నాలుగు లఘువులు (పొట్టి అక్షరాలు), నలం. ముందరి గణం 'బావమ' రగణం, అంటే గురువు (పొడుగు అక్షరం), లఘువు, గురువు. 'మర్ది'లో మకారం గురువైందని మరిచినవాళ్లు ఇక్కడ తడబడతారు, తమ్ముడు తడబడలేదు. 'లాగేసి' వాడుక మాట, గ్రాంథికంలో నిలవదు. ఈ పద్యానికి అదే అందం, మార్చొద్దు.

నల్లగొండ సభ్యుడు: దుమ్ములో ఈదడం అతిశయోక్తి కాదా?

వనపర్తి తమ్ముడు: మా ఊరి వాగుకు ఒక్కసారి రా అన్నా. అతిశయోక్తి అనవు.

కల్వకుర్తి సభ్యుడు:

*పున్నమి వెన్నెలన్ బండపై పవళించి*
*కనులు మూసినంత కలల లోన*
*చిన్ననాటి వరద చేరి పిలిచె నన్ను*
*ఎండినట్టి యేట నీద వచ్చు*

గద్వాల సార్: భావం బాగుంది, మొదటి పాదం నడక కుంటింది. ఆటవెలది బేసి పాదంలో ముందు మూడూ సూర్యగణాలు, అంటే నగణమో (మూడు లఘువులు) గలమో (గురువు, లఘువు). 'పున్న' గలమే గానీ వెనకాల 'మి వె' లగం (లఘువు, గురువు) పడింది. చెవికే తెలిసిపోతుంది, పైకి చదివి చూడండి. ఇట్లా మారిస్తే సరి:

*పండు వెన్నెలలను బండపై పవళించి*

పు–బ యతికి అచ్చులు కుదరలేదు, పం–బతో అదీ సరిపోయింది. పున్నమి అని చెప్పకపోయినా పండు వెన్నెల ఆ పని చేసిపెడుతుంది.

కల్వకుర్తి సభ్యుడు: తీసుకున్నా సార్.

అచ్చంపేట అక్క: 'ఏట' అంటే ఏటిలో అని ఒక్కటేనా? ఏడాదిలో అని కూడా ఉంది కదా. మేము కాలం ఎండిపోయింది అనే అంటాం.

*అప్పు లోతు పెరిగె నాశయో యెండెను*
*వలస బస్సు లెక్కి వచ్చి పోవు*
*బతుకునందు చెమట వాగులై పారగ*
*ఎండినట్టి యేట నీద వచ్చు*

దేవరకొండ అన్న: అక్కా, ఇంక మేము రాయడం ఎందుకు?

గద్వాల సార్: మూడో పాదంలో బ–వా, బకార వకారాల అభేద యతి. చాలామంది భయపడి వాడరు, శాస్త్రం ఒప్పుకుంటుంది. 'పోవు' దగ్గర పాదం విరిగినా అర్థం విరగలేదు, 'వచ్చి పోవు బతుకు' అని కింది పాదంలోకి జారింది. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన మనుషులు, ముంబయి బస్సెక్కే మనుషులు ఈ రెండు పాదాల్లో ఉన్నారు. 'వలస' అనే మాటకు విశేషణం ఒక్కటీ తగిలించలేదు, గమనించండి. 'ఎండె' మొదటి పాదంలోనూ వచ్చింది, సమస్యలోనూ ఉంది. అవధానంలో పృచ్ఛకుడు (సమస్య ఇచ్చేవాడు) ఇది పట్టుకుంటాడు. నేను పట్టుకోను.

నల్లగొండ సభ్యుడు: నేనూ ఒకటి పెడతా. ఏటి మీదే ఉంటుంది, ఏ చమత్కారమూ లేదు.

*ఎండ వేళ నెవరు నేటి దండకు రారు*
*గాలి కూడ రాళ్ల కడనె యాగు*
*నిండు మౌనమందు నిలువెత్తు లోతులో*
*ఎండినట్టి యేట నీద వచ్చు*

వనపర్తి తమ్ముడు: అన్నా, నా దుమ్ము అతిశయోక్తి, నీ మౌనంలో ఈత కాదా!

గద్వాల సార్: తమ్ముడి ప్రశ్నలో న్యాయం ఉంది. సమస్య అంటే ముడి. దాన్ని విప్పాలి. ఇక్కడ ముడి విప్పలేదు, మౌనాన్ని నీళ్లనుకోమని మనల్ని అడిగారు. సభలో అయితే ఇది పూరణ కింద చెల్లదంటాను.

అచ్చంపేట అక్క: నాకు ఒప్పుదల లేదు సార్. మిట్టమధ్యాహ్నం ఆ గుండ్ల నడుమ నిలబడినవాళ్లకు ఆ లోతు తెలుస్తుంది. 'నిలువెత్తు' అనే మాట ఊరికే పడలేదు. పైన నిర్వాహకుడు చెప్పిన గడ్డి చిక్కిన ఎత్తు ఎంత? వరద లోతునే మౌనం లోతు చేశారు. ముడి విప్పారనే నేనంటాను.

గద్వాల సార్: ఆ గడ్డి సంగతి పద్యంలో ఉంటే ఒప్పుకునేవాణ్ణి. సమస్య కింద నిర్వాహకుడు రాసుకున్న వచనాన్ని పద్యానికి అరువు ఇవ్వలేం.

నల్లగొండ సభ్యుడు: దగ్గరకు అనడానికి 'దండకు' అని మన మాట వాడానని ఎవరూ మెచ్చుకోలేదు!

గద్వాల సార్: అది మెచ్చుకోవాల్సిందే. ఇంకో ఊరివాళ్లు చదివితే పూలదండ అనుకుంటారేమో, అనుకోనీ.

నిర్వాహకుడు: సార్‌కూ అక్కకూ రాజీ కుదరలేదు కాబట్టి ఆ పద్యాన్ని అట్లాగే ఉంచుతున్నా. ఈ వారం నా ఓటు అక్క పూరణకు. తమ్ముడి దుమ్ము మాత్రం మా బావమరిదికి పంపించాను. వచ్చే వారానికి, మళ్లీ ఆటవెలదే:

*కొండ కదలి వచ్చి కుండఁ జొచ్చె*

దేవరకొండ అన్నకు కావాలంటే సీసం రాసుకొని, ఎత్తుగీతిగా (సీసం కింద వచ్చే చిన్న పద్యంగా) ఆటవెలది పెట్టి దీంతో ముగించుకోవచ్చు.