బీవర్ బ్రౌన్ బ్యాండ్ పాత సింగిల్ (ఒకటి రెండు పాటలుండే చిన్న రికార్డు) ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ వైపు ఉండే మనవాళ్లు ఎవరైనా సాయం చేయగలరా?

జాన్ క్యాఫర్టీ పాడే అమెరికన్ రాక్ బృందం బీవర్ బ్రౌన్ బ్యాండ్ అంటే నాకు ప్రాణం. రోడ్ ఐలండ్‌లో 1972లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా బార్లలోనే వాయించారు. 1983లో 'ఎడ్డీ అండ్ ది క్రూజర్స్' సినిమాకు పాటలిచ్చారు. సినిమా థియేటర్లలో ఆడలేదు. మరుసటి ఏడాది హెచ్‌బీఓ టీవీ ఛానల్‌లో వచ్చాకే జనం ఎగబడ్డారు, 'ఆన్ ది డార్క్ సైడ్' అమెరికాలో హిట్ పాటల జాబితా అయిన బిల్‌బోర్డ్‌లో 7వ స్థానం దాకా వెళ్లింది. తెర మీద పెదాలు కదిపింది హీరో మైఖేల్ పారే, గొంతు మాత్రం క్యాఫర్టీది. అన్నేళ్ల కష్టానికి ముఖం వేరేవాళ్లది కావడం నాకు ఇప్పటికీ బాధే. బ్యాండ్‌లో శాక్సఫోన్ వాయించే మైఖేల్ ఆంట్యూన్స్ మాత్రం సినిమాలోనూ కనిపిస్తాడు. అతను వాయిస్తుంటే బుగ్గలు ఉబ్బే షాట్ దగ్గర ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో!

నాకు కావాల్సింది 1980లో వాళ్లు సొంతంగా వేసుకున్న 'వైల్డ్ సమ్మర్ నైట్స్' సింగిల్. సినిమాలోది కాదు, అంతకుముందుది. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ చుట్టుపక్కల పాత రికార్డులు అమ్మే షాపులేమైనా తెలుసా? అసలు ప్రతిని ఎలా గుర్తుపట్టాలి? గీతలు పడినా పర్లేదు, పాట వినిపిస్తే చాలు. బార్ రోజుల్లో ఎవరైనా టేపులో పట్టుకున్న పాటలున్నా దయచేసి చెప్పండి.