రాపమైసిన్ ఇచ్చినా టిఫ్-వన్ఏ బ్యాండ్ తగ్గలేదు, ఎవరికైనా ఇలా అయిందా?

మూడో_ఏడు_పీహెచ్‌డీ: మౌస్ 3టీ3 కణాలకు రాపమైసిన్ (కణం ఎదుగుదలను నడిపే ఎంటార్ ఎంజైమ్‌ని ఆపే మందు) ఇచ్చాను. ఆర్ఎన్ఏ కొలిచే క్యూపీసీఆర్‌లో 47ఎస్ (రైబోజోమల్ ఆర్ఎన్ఏ తొలి రూపం) బాగా పడిపోయింది, అంటే రైబోజోమల్ ఆర్ఎన్ఏ తయారీ ఆగినట్టే. కానీ వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రోటీన్‌ని పట్టే పరీక్ష) ఆ తయారీని మొదలుపెట్టించే ప్రోటీన్ టిఫ్-వన్ఏ బ్యాండ్ చెక్కుచెదరలేదు. గైడ్ గారు యాంటీబాడీ పాడైందంటున్నారు. నాలుగు వారాలుగా ఇదే టెన్షన్.

న్యూక్లియోలస్_నాని: యాంటీబాడీ పాపం ఏం చేసింది! ప్రోటీన్ ఉన్నంతే ఉంటుంది, దానిమీది ఫాస్ఫేట్లే మారతాయి. జర్మనీలో ఇంగ్రిడ్ గ్రుమ్ట్ బృందం 2004లోనే చూపించింది: ఎంటార్ నడుస్తుంటే సెరీన్ 44 (ప్రోటీన్‌లో 44వ అమైనో ఆమ్లం) మీద ఫాస్ఫేట్ ఉంటుంది, పని సాగుతుంది. రాపమైసిన్ పడితే అది తగ్గి సెరీన్ 199 మీద పెరుగుతుంది, పని ఆగుతుంది. పైగా ప్రోటీన్ సైటోప్లాజంలోకి వెళ్లిపోతుంది. కణాలు పగలగొట్టిన మొత్తం ద్రవం (లైసేట్) లోడ్ చేస్తే ఇదెక్కడ కనబడుతుంది? న్యూక్లియస్, సైటోప్లాజం ఫ్రాక్షన్లు విడదీసి చూడండి.

బ్లాట్_బాధితుడు: ఫాస్ఫేట్ పడిందంటే ఆన్ అయినట్టేనని నేనూ చాన్నాళ్లు అనుకున్నాను. సీరం ఇస్తే ఈఆర్‌కే (ఇదీ, కింది జేఎన్‌కే2, ఏఎంపీకే కూడా ఫాస్ఫేట్లు వేసే ఎంజైములే) దారిలో సెరీన్ 633, 649 మీద పడేది ఆన్. ఒత్తిడిలో జేఎన్‌కే2 థ్రియోనిన్ 200 మీద వేసేది ఆఫ్. ఇక రైబోజోమల్ ఆర్ఎన్ఏ తయారుచేసే పాలిమరేజ్-1తో జత కుదరదు. శక్తి తగ్గితే ఏఎంపీకే 635 మీద వేస్తుంది, అదీ ఆఫే. 633, 635 మధ్య ఉన్నది ఒక్క అమైనో ఆమ్లం! ఒకటి యాక్సిలరేటర్, ఇంకోటి బ్రేకు.
నా తప్పేంటంటే, పండక్కి ఊరెళ్లి మూడు రోజులు మీడియం మార్చలేదు. కంట్రోల్ కణాల్లో కూడా 47ఎస్ తగ్గింది. మందు ప్రభావమేదో, ఆకలి ప్రభావమేదో తేలక నెల పోయింది.

కోల్డ్‌రూమ్_అక్క: ఫాస్ఫో యాంటీబాడీ (ఫాస్ఫేట్ ఉన్న రూపాన్నే పట్టేది) వాడబోతున్నావు కదమ్మా, మెంబ్రేన్‌కి యాంటీబాడీ ఊరికే అంటుకోకుండా పాలపొడితో బ్లాక్ చేయకు. పాలలోని కేసీన్ మీదే బోలెడు ఫాస్ఫేట్లుంటాయి, మెంబ్రేన్ అంతా నల్లబడుతుంది. బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) వాడు. లైసిస్ బఫర్‌లో ఫాస్ఫేట్లు ఊడకుండా ఆపే ఇన్హిబిటర్లు, సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవెనడేట్ అప్పటికప్పుడు కలుపుకో. ఒక లేన్‌కి లాంబ్డా ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్లు ఊడగొట్టే ఎంజైమ్) కొట్టి పెట్టు, సిగ్నల్ పోతే యాంటీబాడీ నిజమైనదే.

మూడో_ఏడు_పీహెచ్‌డీ: పాలపొడితోనే బ్లాక్ చేశానక్కా, ఇన్హిబిటర్లూ వేయలేదు. ఫ్రాక్షన్లు రేపే మొదలెడతాను. ముందు గైడ్ గారికి యాంటీబాడీ తప్పు లేదని ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి.