మిజునాకు అప్పుడే పూత, కొమాత్సునాకు బెజ్జాలు: ఏం చేయాలి?

ప్రశ్న: మిజునా, కొమాత్సునా (రెండూ ఆవజాతి జపాన్ ఆకుకూరలే) పక్కపక్కనే చల్లాను. మిజునా జానెడు ఎదిగిందో లేదో, నడిమధ్య కాడ లేచి పసుపు మొగ్గలేసింది. కొమాత్సునా ఏపుగానే ఉంది కానీ ఆకులన్నీ జల్లెడే. ముట్టుకుంటే నల్లటి చుక్కల్లాంటివి టప్పున ఎగురుతున్నాయి. పీకేయమంటారా?

జవాబు 1: అయ్యో, పీకకండి! ఎగిరేవి ఫ్లీ బీటిల్స్ అనే చిన్న పెంకు పురుగులు. ఆవజాతి మొక్కలంటే వాటికి ప్రాణం. ఈసారి విత్తిన రోజే సన్నటి వల కప్పి అంచులు మట్టితో మూసేయండి. ఇదే మడిలో మాత్రం వద్దు, పురుగు మట్టిలోంచి లేచి వల లోపలే ఉండిపోతుంది. బెజ్జాల ఆకు తినొచ్చు, చూడ్డానికే బాగోదు.

జవాబు 2: మిజునా పూతకు కారణం ఎండ, పొడవైన పగళ్లు, పైగా నీటి ఎద్దడి. వాతావరణం చల్లబడ్డాక విత్తండి. సుమారు 3 వారాలకు లేత ఆకు వస్తుంది. మొదలు దగ్గర రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. మొగ్గల కాడలు పారేయకండి, నూనెలో వేయిస్తే భలే ఉంటాయి (మా ఇంట్లో ముందు అవే ఖాళీ).

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండీ, వల తెస్తాను. షుంగికు అనే జపాన్ ఆకుకూర వేయొచ్చా?

జవాబు 1: భేషుగ్గా. అది చామంతి జాతి, ఈ పురుగు పెద్దగా జోలికి రాదు. పూతకు ముందే కోయండి, తర్వాత చేదెక్కుతుంది.