కుటుంబ ప్రార్థనలో కళ్ళు మూసుకోని బాబు: పిల్లలను చేరదీసి పెంచుతున్నవారి అనుభవాలు కావాలి

ఎదురుచూపు:
అందరికీ ప్రభువు నామమున వందనములు. తొమ్మిదేళ్ల బాబు ఒకడు తాత్కాలిక సంరక్షణ కింద మా ఇంటికి వచ్చి కొన్ని నెలలైంది. బడి, చదువు, నిద్ర విషయంలో ఇబ్బందులు చాలావరకు తగ్గాయి గానీ, రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చునేసరికి వాడు గోడకు వీపు ఆనించి, దుప్పటి అంచును పిడికిట బిగించి, తలుపు వైపే చూస్తూ ఉంటాడు. కళ్ళు మూసుకొమ్మని మావారు ఎంత మెల్లగా చెప్పినా రెప్ప వాల్చడు. దేవుడు అప్పగించిన బిడ్డ అన్న నమ్మకంతోనే వాడిని చేర్చుకున్నాం. ప్రార్థనకు పిలవకుండా ఉండడమా, అలవాటయ్యేవరకు పట్టుబట్టడమా తేల్చుకోలేకపోతున్నాం.

దత్త తండ్రి:
సోదరీ, దయచేసి పట్టుబట్టవద్దు. దెబ్బలు తిన్న ఇంట్లో పెరిగిన బిడ్డకు, గదిలో పెద్దవాళ్లు ఎక్కడున్నారో, ఎవరి చేయి ఎటు కదులుతోందో కనిపెట్టుకుని ఉండడమే అన్నాళ్లూ రక్ష. ఆ రక్షను వదులుకొమ్మని మనం అడుగుతున్నాం. అది మీ బాబు కథ అవునో కాదో నేను చెప్పలేను గానీ, మీరు వర్ణించిన కూర్చునే తీరు మాత్రం నాకు బాగా తెలుసు. మేము దత్తత తీసుకున్న పాప కడుపు నిండా తిని కూడా, రాత్రి దిండు కింద తిండి దాచుకునేది. దాన్ని దొంగతనమని పిలవకుండా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని చెప్పి, మంచం పక్కనే ఒక మూత డబ్బా పెట్టాం. దాచుకోవడం మానడానికి చాలా కాలం పట్టింది. మానిందని మేము గమనించిన రోజు మా ఇంట్లో పెద్ద పండుగ. తల్లి ఆదరణ తెగిపోయిన పిల్లల మనసు గురించి బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక రాశారు. బిడ్డకు ప్రేమ ఎంత దొరికిందన్నదే కాక, అది తెగకుండా నిలిచిందా అన్నది కూడా ముఖ్యమని ఆ తర్వాతి పరిశోధనలెన్నో బలపరిచాయి. కాబట్టి మీ ప్రార్థన ప్రతి రాత్రి అదే వేళకు, అదే చోట, చిన్నదిగా సాగనివ్వండి. కళ్ళ విషయానికొస్తే, లాజరు సమాధి దగ్గర యేసు కన్నులు పైకెత్తి ప్రార్థించాడని యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఉంది, 17వ అధ్యాయంలోని ప్రార్థనలోనూ ఆయన కన్నులెత్తాడు. బాబు కళ్ళు తెరిచే ఉండనివ్వండి.

పెంచి పంపిన అమ్మ:
సోదరుడు చెప్పినదే నా మాట కూడా. అయితే మీది తాత్కాలిక సంరక్షణ అన్నారు కనుక ఒకటి అడుగుతాను: బాబు కన్నతల్లి కోసం అదే ప్రార్థనలో పేరు పెట్టి ప్రార్థిస్తున్నారా? నిర్గమకాండము 2వ అధ్యాయంలో మోషేను ఫరో కుమార్తె పెంచుకుంది గానీ, మొదట పాలిచ్చి సాకింది కన్నతల్లే. ఆ ఇద్దరు తల్లులలో ఎవరినీ తీసివేయకుండానే ఆ కథ నడిచింది. మా దగ్గర పెరిగిన పాపను కోలుకున్న తల్లికి తిరిగి అప్పగించినప్పుడు నా గుండె తరుక్కుపోయింది, అయినా మా ప్రార్థన ఫలించిందని ఇద్దరమూ దేవునికి స్తోత్రం చెప్పాం. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉంటాయని ముందుగా చెప్పే శిక్షణ ఎక్కడా సరిపడా దొరకదు.

దత్త కుమార్తె:
నేను దత్తతలో పెరిగి పెద్దదాన్నయ్యాను. అమ్మానాన్నలను ప్రాణంగా ప్రేమిస్తాను. అయినా సంఘంలో పెద్దలు నన్ను ముందుకు పిలిచి, దేవుడు నిన్ను ఎంత గొప్పగా రక్షించాడో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా, కన్నవారిని పోగొట్టుకున్న దుఃఖానికి అక్కడ చోటు లేదని అర్థమయ్యేది. బైబిలులో ఎస్తేరును బంధువు మొర్దెకై పెంచుకున్నాడన్న మాటతో పాటు ఆమె తలిదండ్రులు మరణించారని కూడా ఎస్తేరు 2:7లో రాసి ఉంది. ఈ బాబును కృతజ్ఞత అడగకండి, బహిరంగంగా అసలు అడగకండి. వాడి గతం వాడిది. ప్రార్థన విన్నపంగానైనా పదిమందిలో పెట్టవద్దు.

సంఘ పెద్ద:
చిన్న మాట. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం, ప్రత్యామ్నాయ సంరక్షణలో బిడ్డ మత, సాంస్కృతిక, భాషా నేపథ్యాన్ని తగినవిధంగా లెక్కలోకి తీసుకోవాలంటుంది. కన్నవారి విశ్వాసం వేరైతే, ఆరాధనకు తీసుకెళ్లే ముందు కేసు చూస్తున్న అధికారిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇక సంఘం వంతు: దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను పరామర్శించమనే యాకోబు 1:27 బోధించి ఊరుకుంటే చాలదు. ఈ దంపతులకు వారంలో ఒక సాయంత్రం విశ్రాంతి ఇవ్వగల, సంరక్షణ నియమాలు ఒప్పుకునే ఒక కుటుంబం మీ సంఘంలో ఉందా?

ఎదురుచూపు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మేమూ కళ్ళు తెరిచే ప్రార్థించాం. వాళ్ళ అమ్మ పేరు చెప్పగానే బాబు తలుపు మీది నుంచి చూపు మళ్ళించి నన్నే చూశాడు, ఏమీ అనలేదు. అధికారిని ఈ వారమే కలుస్తాం. మా పెద్దమ్మాయి మాత్రం, తమ్ముడికి లేని నియమం నాకెందుకని అడుగుతోంది. సొంత పిల్లలకు మీరు ఏమని చెప్పారు?

పెంచి పంపిన అమ్మ:
ఆ అమ్మాయికి కూడా కళ్ళు తెరిచే స్వేచ్ఛ ఇవ్వండి. తర్వాత రోజూ కొంతసేపు, బాబు ప్రస్తావన లేకుండా, ఆమెతోనే ఒంటరిగా గడపండి. మా అబ్బాయి అడిగింది నియమం గురించి కాదని మాకు అలా తెలిసింది.