ఆర్కే బీచ్ గుర్రం: డెక్కల్లో కుళ్ళు వాసన, ఉప్పునీళ్ళ వల్లేనా?

బీచ్‌రోడ్డు_సవారీ:
అందరికీ నమస్కారం. ఆడగుర్రం, ఐదేళ్ళది, 350 కిలోల దాకా తూగుతుంది. సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో సవారీలకి తిప్పుతాం, రాత్రి షెడ్డులో కట్టేస్తాం. సిమెంటు నేల, పైన వరిగడ్డి పరుస్తాం. వానలు పట్టిన దగ్గర్నుంచి వెనక డెక్కల్లోంచి కుళ్ళు వాసన, గీకితే నల్లటి జిగురు. కుంటడం మాత్రం లేదు. సముద్రపు నీళ్ళే కారణమని, బండి పాత ఆయిల్ రాస్తే పోతుందని ఇక్కడివాళ్ళు అంటున్నారు. మేత: ఉలవలు, తవుడు, సూపర్ నేపియర్ గడ్డి. ఏం మార్చాలి?

నాడాల_పని:
సముద్రం మీద నింద వేయకండి అన్నా. గంటసేపు అలల్లో నడిస్తే ఈ కుళ్ళు రాదు. రాత్రంతా మూత్రంతో తడిసిన గడ్డిలో నిలబడితే వస్తుంది. వెనక కాళ్ళకే ముందు పట్టింది చూశారా, ఆ చోటే ఎక్కువ తడుస్తుంది.

డెక్క అడుగున మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం, దానికి రెండు పక్కలా గాడి, వెనకవైపు నడిమిలో ఒక చీలిక ఉంటాయి. కుళ్ళు తెచ్చే క్రిములు దాక్కునేది ఆ గాడుల్లోనే. డెక్కలు గీకే కొక్కెం మడమ వైపు నుంచి డెక్క ముందు కొన వైపుకి లాగండి, ఎదురు లాగితే మెత్తటి భాగంలో దిగుతుంది. బ్రష్‌తో నీళ్ళు పోసి కడిగి, గుడ్డతో బాగా ఒత్తి ఆరబెట్టాలి. తడి మీద మందు వేస్తే ఉపయోగం ఉండదు. తరవాత దూదిని బెటాడిన్‌లో ముంచి, పిండి, ఆ చీలికలోకి కూరండి. రోజూ దూది మార్చాలి, వాసన పూర్తిగా పోయేదాకా. వేలాడుతున్న చచ్చిన తునకలు మీరు కొయ్యొద్దు, నాడాలు కొట్టేవాళ్ళ చేత తీయించండి.

పాత ఆయిల్ అస్సలు వద్దు. ఈ కుళ్ళు కలిగించే సూక్ష్మక్రిములు గాలి తగలని చోటే పెరుగుతాయి. ఆయిల్ మూత పెట్టినట్టు కప్పేస్తే లోపల ఇంకా లోతుకి తింటాయి. మైలుతుత్తం ముద్దగా కూరినా బతికున్న భాగం కాలుతుంది.

నేలకి పది అడుగులకి రెండంగుళాల వాలు ఉందో లేదో చూసుకోండి. వరిగడ్డి తీసేసి పొడి రంపపుపొట్టు వెయ్యండి, తడిసిన చోట రోజుకి రెండుసార్లు ఎత్తెయ్యండి. గడ్డైతే గుర్రం అదే తింటూ ఉంటుంది కూడా.

నాడాలు ఆరు వారాలకోసారి మార్పించాలి. ఉప్పుకి మేకులు తుప్పుపట్టి సడలుతాయి. డెక్క గోడ మీద మడిచిన మేకుకొన పైకి లేచి తడిమితే మీ వేలికి గుచ్చుకుంటే గడువు చూడకుండా పిలవాల్సిందే.

పశువైద్యం_పెందుర్తి:
డెక్కల సంగతి పైన సరిగానే చెప్పారు. గాడిలోంచి రక్తం వచ్చినా, నొక్కితే కాలు లాక్కున్నా ఇంట్లో వైద్యం ఆపి డాక్టర్‌కి చూపించాలి. ధనుర్వాతం టీకా వేయించి ఏడాది దాటితే ఇప్పుడే వేయించండి. గుర్రానికి అది ఇట్టే వస్తుంది.

నన్ను కంగారుపెట్టింది మీ మేత. నేపియర్ గేదెలకి మంచిదే. అందులోని ఆక్సలేట్ అనే పదార్థం గుర్రం పేగులో కాల్షియాన్ని పట్టేస్తుంది. తవుడులో చూస్తే భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండూ కలిస్తే శరీరం ఎముకల్లోంచి కాల్షియం తోడుకుంటుంది. నెలల తరబడి సాగితే దవడ, ముక్కు ఎముకలు ఉబ్బుతాయి, ఒకరోజు ఒక కాలు, మరో రోజు మరో కాలు కుంటుతుంది. గరిక, లూసర్న్ అనే పచ్చిమేత వైపు మళ్ళించండి, వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా. ఎండుగడ్డి లెక్కన రోజుకి 6 నుంచి 7 కిలోలు, నాలుగు పూటలుగా పంచండి. ఉలవలు ఉడకబెట్టి కిలో చాలు. చెమట పట్టిన రోజు 30 గ్రాముల ఉప్పు కలపండి. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, మే ఉక్కలో 40 లీటర్లు దాటి తాగినా ఆశ్చర్యం లేదు.

పశువుల దాణా బస్తా మాత్రం ముట్టించొద్దు. కొన్నిట్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. ఆవుకి పనికొచ్చేదే, గుర్రానికి గుండె ఆగిపోయే విషం.

బీచ్‌రోడ్డు_సవారీ:
ధన్యవాదాలు డాక్టర్‌గారూ. బీచ్‌లో గడ్డి ఇసుక మీదే పడేస్తాం. జనం ముంత మసాలా, మొక్కజొన్న పొత్తులు కూడా పెడుతుంటారు. ఇబ్బందా?

పశువైద్యం_పెందుర్తి:
రెండూ ఆపండి. పొత్తు బెండు గొంతులో ఇరుక్కుంటుంది. ఇసుక పేగులో అడుగున పేరుకుని కడుపునొప్పి తెస్తుంది. గడ్డి టబ్బులోనో మూతికి కట్టే సంచిలోనో పెట్టండి.

ఇసుక ఉందో లేదో ఇలా చూడొచ్చు: నేల తగలని తాజా లద్దె ఉండలు ఆరు, పల్చటి పాలిథిన్ సంచిలో వేసి, లీటరు నీళ్ళు పోసి చిదిమి, మూల కిందికి వచ్చేలా పావుగంట వేలాడదీయండి. మూలలో చెంచాడు ఇసుక దిగితే ఇసబ్‌గోల్ మొదలుపెట్టాలి, కిలో బరువుకి గ్రాము చొప్పున, ఎన్ని రోజులో చూసి చెప్తాను. దాణాలో పొడిగానే కలపండి. నీళ్ళు తగిలితే జిగురై మూతి పెట్టదు. ఇసుక రాకపోయినా పేగులో లేదని ధీమా వద్దు.

గుర్రం పొట్ట వైపు తిరిగి తిరిగి చూసినా, కాలితో నేల తవ్వినా, లద్దె వెయ్యకపోయినా మేత తీసేసి వెంటనే ఫోన్ చెయ్యండి. నాడి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి, 60 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు.