లోడ్ తగ్గగానే ఎల్‌ఎన్‌జీ ఇంజిన్ పొగలో మీథేన్ పెరుగుతోంది, ఏం చేయాలి?

మా ఓడ ఎల్‌ఎన్‌జీతో (ద్రవరూప సహజ వాయువు) నడుస్తుంది, జనరేటర్లు ఫోర్ స్ట్రోక్ డ్యూయల్ ఫ్యూయల్ (గ్యాస్, డీజిల్ రెండింటితో నడిచేవి), గ్యాస్ తక్కువ ఒత్తిడితో వెళ్లే లో ప్రెషర్ రకం. 75 శాతం లోడ్ మీద బాగానే ఉంటుంది, పోర్టు దగ్గరపడి 30 శాతం కిందికి దిగగానే ఎగ్జాస్ట్‌లో మండని మీథేన్ రీడింగ్ రెండింతలు దాటుతోంది. గ్యాస్ అంటుకోవడానికి కొద్దిగా డీజిల్ చిమ్మే పైలట్ ఇంజెక్టర్లు మార్చాం, గ్యాస్ వాల్వులు చూశాం, మీథేన్ కొలిచే ఎనలైజర్ కాలిబ్రేట్ చేశాం, సిలిండర్ల టెంపరేచర్లు కూడా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఒకే జనరేటర్ నడిపితే దానిమీద లోడ్ పెరిగి మీథేన్ తగ్గుతుంది కానీ బ్లాకౌట్ భయంతో కెప్టెన్ ఒప్పుకోరు, అది న్యాయమే. వందేళ్ల లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 28 రెట్లు, అలా గాల్లోకి వదిలేయడానికి మనసు రావట్లేదు. రెండు జనరేటర్లూ నడుస్తుండగానే స్లిప్ (ఇలా మండకుండా బయటికి పోయే మీథేన్) తగ్గాలంటే, ముందు వేస్ట్‌గేట్‌తో (టర్బోకి వెళ్లే ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే వాల్వ్) గాలి తగ్గించి చూడాలా, లేక కొన్ని సిలిండర్లకు గ్యాస్ ఆపే సెట్టింగ్ పెట్టాలా?